తెర వెలిగించే ముందు రాసుకోవాల్సిన వాక్యం

జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే ప్రభుత్వ టీచర్లకు ఏదో ఒక రూపంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ ఏడాది తరగతిలో టెక్నాలజీని ఎలా వాడబోతున్నారు? హెచ్ఎం అడగవచ్చు, స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో చర్చకు రావచ్చు, శిక్షణలో నింపమని ఇచ్చిన ఫారంలో ఉండవచ్చు. నంద్యాలలో అడిగినా, ఆళ్లగడ్డలో అడిగినా, వచ్చే జవాబులు ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. వారానికి నాలుగు పీరియడ్లు ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) మీద చెబుతాను. ప్రతి పాఠానికీ ఒక వీడియో చూపిస్తాను. దీక్ష ఆన్‌లైన్ వేదికలో మూడు కోర్సులు పూర్తి చేస్తాను. ఇవన్నీ మంచి మనసుతో రాసినవే. కానీ ఇవి పరికరానికి పెట్టిన లక్ష్యాలు. ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందో చెబుతాయి గానీ, ఆ గంటల్లో ఏడో తరగతి పిల్లకు కొత్తగా ఏం తెలిసిందో చెప్పవు. టీచర్ లక్ష్యం పిల్లలు పాఠంలో ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడ మొదలు కావాలి. ఆ అడ్డు తీయడానికి ఏం కావాలో తేలాకే పరికరం పేరు ఎత్తాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అంతే. అయితే దాన్ని నమ్మడానికి ఆధారాలు కావాలి, పాటించడానికి దారి కావాలి.

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదివేవారికి 'స్మార్ట్' లక్ష్యాల సంగతి తెలిసే ఉంటుంది. 1981లో జార్జ్ డోరన్ రాసిన ఒక వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన సూత్రం అది. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలతకు అందాలి, సాధ్యమయ్యేదై ఉండాలి, దానికో గడువుండాలి. 'వారానికి నాలుగు పీరియడ్లు ప్యానెల్ మీద' అన్న లక్ష్యం ఈ పరీక్షలన్నీ హాయిగా గట్టెక్కుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవారు 'చేతనైనంత చేస్తాను' అనుకున్నవారి కంటే ఎక్కువ సాధిస్తారని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పరిశోధనతో చూపించారు. ఆ మాట నిజమైతే దాని రెండో వైపూ నిజమే: తప్పు లక్ష్యాన్ని స్పష్టంగా రాసుకుంటే ఆ తప్పు చోటికే త్వరగా చేరతాం. కేసీ కెనాల్ ఆయకట్టు రైతుకు ఈ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు. పైన ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఒక లెక్క, చివరి మడి తడిసిందా లేదా అన్నది ఇంకో లెక్క. మొదటి లెక్క ఎంత ఘనంగా ఉన్నా రెండోది తేలకపోతే పైరు నిలవదు.

పరికరం మీద లక్ష్యం పెట్టుకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. టీచర్ సర్వీసు ముప్పై ఏళ్లు, పరికరం ఆయుష్షు అంత ఉండదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన 'సైట్' ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిపిల్లల కోసం తెలుగులో పాఠాలు వచ్చాయి. ఏడాది తిరిగాక ఉపగ్రహం వెళ్లిపోయింది. 1984-85లో 'క్లాస్' ప్రాజెక్టు కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు దేశంలోని కొన్ని హైస్కూళ్లకు చేరాయి. తర్వాతి కాలంలో నంద్యాల ఎంపీగా ప్రధాని పదవిలో కొనసాగిన పి.వి. నరసింహారావు మానవ వనరుల శాఖ మంత్రిగా ఉండగా వచ్చిన 1986 జాతీయ విద్యా విధానం కూడా విద్యలో సాంకేతికత గురించి ప్రత్యేకంగా మాట్లాడింది. 2017 సెప్టెంబరు 5న దీక్ష వేదిక మొదలైంది. పాఠ్యపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 నవంబరులో మొదలైన బడుల బాగుచేత పథకం నాడు-నేడు తర్వాత తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీలు, చిన్న తరగతులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. 2024 జూలై నాటికి అదే కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇందులో ఎవరినీ నిందించనక్కర్లేదు. గమనించాల్సింది ఏమిటంటే, 2022లో 'ఈ యాప్‌లో నిష్ణాతుడినవుతాను' అని లక్ష్యం పెట్టుకున్న టీచర్‌కు రెండేళ్లలో కాళ్ల కింద నేల కదిలిపోయింది. 'సంఖ్యారేఖ మీద భిన్నాలు గుర్తించలేని పిల్లలను ఈ ఏడాది దాటిస్తాను' అని పెట్టుకున్న టీచర్‌కు మాత్రం ఏ కంపెనీ మూతపడినా ఆ లక్ష్యం చెక్కుచెదరలేదు.

ఇక ఆధారాల సంగతి. పెరూలో పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని మూడు వందలకు పైగా గ్రామీణ బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ల్యాప్‌టాప్‌లు చేరాయి, వాడకమూ బాగా పెరిగింది. పదిహేను నెలల తర్వాత చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగిన జాడ కనిపించలేదు. గుజరాత్‌లో జ్ఞాన్ శాల బడుల్లో లీ లిండెన్ చేసిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. ఒకే కంప్యూటర్ కార్యక్రమాన్ని టీచర్ చెప్పే పాఠం స్థానంలో పెడితే పిల్లలు వెనకబడ్డారు. పాఠం అయ్యాక బడివేళల బయట అదనపు సాధనగా ఇస్తే ముందుకు వెళ్లారు. చదువులో వెనకబడిన పిల్లలకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది. మూడోది ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన పరిశోధన. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. ఎందుకు? ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని ఆ పరిశోధకులే కనుక్కున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లనూ తను ఉన్న మెట్టు దగ్గర పట్టుకుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితాన్ని తేల్చింది యంత్రం ఖరీదు కాదని తెలుస్తుంది. పిల్ల ఎక్కడ ఆగిందో ఎవరైనా చూశారా, అక్కడికి తగిన సాయం అందిందా అన్నదే తేల్చింది. ఢిల్లీలో ఆ చూపు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మన బడుల్లో అది టీచర్‌కే ఉండాలి.

ఒక్క ఉదాహరణను దగ్గరగా చూద్దాం. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని ఆరేడు తరగతుల పిల్లలను అడిగితే చాలామంది నాలుగో వంతే పెద్దదంటారు. మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి అలా అంటారు. ఇది అజాగ్రత్త కాదు. పూర్ణసంఖ్యల నియమాన్ని నిజాయితీగా భిన్నాలకు వర్తింపజేయడం వల్ల వచ్చిన తప్పు. ఇప్పుడు ప్యానెల్ మీద 'భిన్నాలు' అన్న రెడీమేడ్ వీడియో వేస్తే ఏమవుతుంది? రొట్టె ముక్కలవుతుంది, సంగీతం వస్తుంది, పిల్లలు సంతోషంగా చూస్తారు, ఆ తప్పు మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఎందుకంటే వీడియో ఆ పిల్లను ఏమీ అడగలేదు. అదే ప్యానెల్‌ను ఇంకోలా వాడవచ్చు. సున్నా నుంచి ఒకటి దాకా సంఖ్యారేఖ గీయండి, మధ్యలో ఏ గుర్తూ పెట్టకండి. మూడో వంతు ఎక్కడ వస్తుందో ప్రతి ఒక్కరూ ముందు తమ నోట్‌బుక్‌లో చుక్క పెట్టాలి. ఒక పిల్లను పిలిచి ప్యానెల్ మీద పెట్టమనండి. నాలుగో వంతును ఇంకొకరు పెడతారు. ఆ తర్వాతే రేఖను మూడు సమభాగాలుగా చేసి చూపండి, దాని కిందే అంత పొడవున్న మరో రేఖను నాలుగు భాగాలు చేయండి. తాము పెట్టిన చుక్కకూ అసలు చోటుకూ ఉన్న దూరాన్ని పిల్లలు కళ్లతో చూస్తారు. మర్నాడు ఐదు లెక్కలతో స్లిప్ టెస్ట్ పెట్టండి. తప్పు వచ్చిన రెండు మూడు నోట్‌బుక్‌లను ఫోన్‌తో ఫొటో తీసి, పేర్లు కనబడకుండా ప్యానెల్ మీద వేసి, ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసి ఉంటుందని తరగతినే అడగండి. ఆ పిల్ల చేతిరాతను తోటివారు గుర్తుపట్టే ప్రమాదం ఉందనుకుంటే పక్క సెక్షన్ నోట్‌బుక్‌లు తెచ్చుకోండి. ఇందులో వాడిన టెక్నాలజీ ఒక గీత, ఒక ఫొటో. లక్ష్యాన్ని వాక్యంగా రాస్తే ఇలా ఉంటుంది: 'దసరా సెలవుల లోపు, రెండు భిన్నాల్లో ఏది పెద్దదో సంఖ్యారేఖ మీద చూపించి కారణం చెప్పగలిగేవారు నా తరగతిలో మూడొంతులు దాటాలి. దానికి ప్యానెల్‌ను ముందు ఊహించడానికి, తర్వాత సరిచూసుకోవడానికి వాడతాను.' ఈ వాక్యంలో పిల్ల ముందు ఉంది, ప్యానెల్ వెనక ఉంది. ఆ వరస మారకూడదు.

సైన్సు, సోషల్ టీచర్లకు మన నంద్యాల ప్రాంతం ఇచ్చే అవకాశం మరీ ఎక్కువ. శిలల పాఠమే తీసుకోండి. వీడియోల్లో ఎక్కడివో కొండలు కనిపిస్తాయి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనులున్నాయి. ఆ నాపరాళ్ల మీదే చాలామంది పిల్లలు ఇంట్లో కూర్చుని అన్నం తింటారు. కొలిమిగుండ్ల మండలంలోనే బెలుం గుహలున్నాయి. నీరు సున్నపురాయిని కరిగిస్తూ పోవడం వల్ల ఏర్పడ్డ గుహలవి. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. ఒక నాపరాయి ముక్క తెచ్చి, ల్యాబ్‌లోని పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు టీచరే దాని మీద వేస్తే సన్నటి బుడగలు పొంగుతాయి. యాభై మంది ఉన్న తరగతిలో మొదటి బెంచీకే అవి కనబడతాయి. ఫోన్ కెమెరాను రాయికి దగ్గరగా పెట్టి ఆ దృశ్యాన్ని ప్యానెల్ మీదికి పంపితే చివరి బెంచీ కూడా చూస్తుంది. టెక్నాలజీ అవసరం నిజంగా పడేది ఇలాంటి చోట: కంటికి అందనిదాన్ని అందరికీ అందించే చోట. ఆళ్లగడ్డలో శిల్పం చెక్కేటప్పుడు రాలిన పెచ్చు తెచ్చి దాని మీద కూడా వేయండి. పొంగుతుందో లేదో ముందు పిల్లలను ఊహించనివ్వండి, తర్వాత తేల్చనివ్వండి. స్థానిక పరిసరాలను పాఠంలోకి తేవాలన్నది కొత్త ఆలోచన కాదు. 1990ల నాటి ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణలు పొందిన పెద్ద టీచర్లకు ఆ సూత్రం బాగా గుర్తుంటుంది. అందుకే టెక్నాలజీ విషయంలో పెద్ద వయసు టీచర్లు వెనకబడ్డారన్న మాటను నేను ఒప్పుకోను. ఏ బటన్ నొక్కాలో కుర్ర టీచర్ నేర్పగలరు. పిల్ల ఎక్కడ తడబడుతుందో చెప్పగలిగేది పాతికేళ్లు అదే పాఠం చెప్పినవారే. ఇద్దరూ కలిసి ఒక లక్ష్యం రాసుకుంటే రెండు లోటులూ తీరతాయి.

దీనికి టీచర్లు చెప్పే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది: పై నుంచి అడిగేది వాడకం లెక్కే అయినప్పుడు పిల్లల నేర్పు గురించి లక్ష్యం పెట్టుకుంటే ఎవరు చూస్తారు? వాడకం లెక్క అడిగితే ఉన్నది ఉన్నట్టు ఇవ్వాల్సిందే, అది ఉద్యోగ బాధ్యత. కానీ వృత్తిపరమైన లక్ష్యం అధికారికి ఇచ్చే నివేదిక కాదు, మీ పనిని మీరు చూసుకునే అద్దం. రెండూ ఒకే కాగితం మీద ఉండాలన్న నియమం లేదు. మీ డైరీలో రెండో పేజీ తెరవండి. తనిఖీకి వచ్చినవారు అడిగితే జూలైలో పెట్టిన స్లిప్ టెస్ట్‌నూ సెప్టెంబరులో పెట్టిన అదే టెస్ట్‌నూ పక్కపక్కన చూపించండి. పీరియడ్ల సంఖ్య కంటే ఆ రెండు కాగితాలు ఎక్కువ చెబుతాయి.

రెండోది: ముందు పరికరం నేర్చుకోకుండా ఫలితం గురించి ఎలా ఆలోచిస్తాం? ఇందులో న్యాయముంది. పని కొత్తదీ చిక్కైనదీ అయినప్పుడు ఫలితం మీద లక్ష్యం పెట్టుకోవడం కంటే నేర్చుకోవడం మీద లక్ష్యం పెట్టుకున్నవారే మెరుగ్గా చేస్తారని లేథమ్ బృందం తర్వాతి పరిశోధనల్లో చూపించింది. కాబట్టి మొదటి నెల నేర్చుకునే నెల కావచ్చు. అయితే మొత్తం ప్యానెల్ నేర్చుకోవాలనుకుంటే అంతు ఉండదు. సంఖ్యారేఖ గీయడం, ఒక భాగాన్ని దాచి తెరవడం, ఫోన్ దృశ్యాన్ని తెర మీదికి పంపడం, ఈ మూడూ చేతికి వస్తే పైన చెప్పిన రెండు పాఠాలూ నడుస్తాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచర్‌కూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. ఆ గంటలను సర్టిఫికెట్ల కోసం చెల్లాచెదురు చేయకుండా, మీరు రాసుకున్న వాక్యానికి అక్కరకొచ్చే కోర్సులకే ఖర్చు పెట్టండి.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పిల్లలు నేర్చుకోవడం మా చేతిలో ఉందా? పత్తి తీతల కాలం వస్తే సగం తరగతి ఖాళీ అవుతుంది, పనుల కోసం కుటుంబాలు వలసపోతాయి, మూడో తరగతి చదువు రానివారు ఏడులో ఉంటారు. నిజమే. మన దగ్గరే జరిగిన ఒక ప్రయోగం ఇంకో చేదు నిజాన్ని కూడా చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ టీచర్లకు పిల్లల తప్పుల వివరాలతో నివేదికలు ఇచ్చి చూశారు. పరిశీలకులు వచ్చినప్పుడు ఆ టీచర్లు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. అంటే ఎక్కడ ఆగారో తెలుసుకోవడం తప్పనిసరే గానీ, అది చాలదు. తెలిసినదాన్ని ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏ పనిగా మారుస్తామో ముందే తేల్చుకోవాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన ఒక వ్యాసంలో దీనికి సులువైన మార్గం చూపాడు: ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను అని ముందే జతకట్టి పెట్టుకోవడం. 'స్లిప్ టెస్ట్‌లో సగం మందికి పైగా తప్పు రాస్తే, మర్నాటి మొదటి పదిహేను నిమిషాలు ఆ తప్పుకే కేటాయిస్తాను.' 'కరెంటు పోతే, అదే సంఖ్యారేఖను వరండాలో సుద్దతో గీసి పిల్లలను దాని మీద నిలబెడతాను.' 'రెండు వారాలు బడి మానిన పిల్ల తిరిగొస్తే, ఆ పాఠం ఫొటోలు చూపించి పక్కపిల్ల చేత చెప్పిస్తాను.' ఇలా రాసుకుంటే మీ చేతిలో లేనివి మీ చేతిలోకి రావు. చేతిలో ఉన్నవి మాత్రం జారిపోవు. హాజరు తక్కువున్న చోట లక్ష్యాన్ని కూడా చిన్నది చేసుకోవాలి: మొత్తం సిలబస్ కాకుండా ఒక భావన, ఒక టర్మ్.

ఇక తీరిక లేదన్న మాట. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్ వచ్చింది మొదలు రకరకాల నమోదులు టీచర్ ఫోన్‌లోకి చేరాయి. ఆ భారం నిజమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు ఏకీభావం లేదు. అందుకే ఒక టర్మ్‌కు ఒకే లక్ష్యం అంటున్నాను. రాత పని తగ్గించుకోవడానికి టెక్నాలజీ వాడటం కూడా గౌరవప్రదమైన లక్ష్యమే, మిగిలిన సమయం ఎక్కడికి వెళ్తుందో ముందే రాసుకుంటే. మార్కుల పట్టికను ఒకసారి స్ప్రెడ్‌షీట్‌లో సరిగ్గా తయారు చేసుకుంటే ప్రతి ఎఫ్ఏకీ మొత్తాలు వేసే పని తప్పుతుంది. ఆ మిగిలిన సమయం నోట్‌బుక్‌లు దిద్దడానికే వెళ్లాలి.

పిల్లలు వీడియో అంటే ఇష్టపడతారు కదా, ఇష్టమే చదువుకు మొదటి మెట్టు కదా అని కొందరంటారు. ఇష్టానికి విలువ ఉంది. వీడియో కోసమే బడికి వచ్చే పిల్ల ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. కాకపోతే వీడియోను కీలకమైన క్షణంలో ఆపి 'తర్వాత ఏమవుతుంది?' అని అడగండి. జవాబులు వస్తే అది పాఠం. మౌనం వస్తే ఆ వీడియోను వచ్చే ఏడాదికి దాచుకోనక్కర్లేదు.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక, సంక్రాంతి సెలవులకు ముందు, రాసుకున్న వాక్యాన్ని మళ్లీ తీయండి. మూడొంతులు అనుకున్నారు, సగమే దాటారు అనుకోండి. అప్పుడు తేల్చుకోవాల్సింది మూడు విషయాలు. ఆగిన చోటును సరిగ్గా గుర్తించామా? అక్కడికి తగిన పనే చేయించామా? అనుకున్నన్ని సార్లు చేయించామా? మొదటిది తప్పితే లక్ష్యమే మారాలి. భిన్నాల్లో తడబాటుకు మూలం భాగహారంలో ఉండి ఉండవచ్చు. రెండోది తప్పితే పరికరాన్నో పద్ధతినో మార్చాలి. ప్యానెల్ కంటే మడతపెట్టిన కాగితం బాగా పనిచేస్తుందని తేలితే ప్యానెల్‌ను ఆ పాఠానికి పక్కన పెట్టడానికి వెనకాడకండి, ఇంకో పాఠంలో దాని అవసరం పడుతుంది. మూడోది తప్పితే టైంటేబుల్ చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏది జరిగిందో కాంప్లెక్స్ మీటింగ్‌లో పదినిమిషాలు చెప్పండి, నెరవేరని లక్ష్యమైనా సరే. పక్క బడిలో అదే తరగతికి అదే పాఠం చెప్పే టీచర్‌కు మీ విజయం కంటే ఆ వివరమే ఎక్కువ ఉపయోగం. ఏప్రిల్‌లో తరగతి చేతులు మారేటప్పుడు, ఏడాది పొడవునా తీసిన తప్పుల ఫొటోలను పాఠాలవారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టి ఎనిమిదో తరగతి తీసుకోబోయే టీచర్‌కు ఇవ్వండి. జూన్‌లో ఆ టీచర్ తన లక్ష్యాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ ఫోల్డర్‌లో ఉంటుంది.